పసిపాప కునుకు మారితే కలవరం వద్దు

* ఎదిగే కొద్దీ పగటి నిద్ర తగ్గడం సహజం
* పాలు చాలడం లేదన్న అనుమానంతో డబ్బాపాలు పట్టరాదు
* నిద్ర కోసం జలుబు మందులు వాడితే ప్రమాదం

నరసరావుపేట: పుట్టిన కొత్తలో పాలు తాగడం, పడుకోవడం తప్ప మరొకటి ఎరుగని బిడ్డ మూడు నెలలు నిండేసరికి పగటిపూట పట్టుమని అరగంట కూడా కన్ను మూయదు. ఉయ్యాల ఊపినంతసేపు పడుకుని, చేయి తీయగానే కళ్లు తెరుస్తుంది. దిష్టి తగిలిందని ఒకరు, తల్లికి పాలు చాలడం లేదని మరొకరు, ఇంట్లో తలా ఒక కారణం చెబుతారు. చివరకు డబ్బాపాలో, జలుబు మందో బిడ్డ నోట్లో పడుతుంది. నిజానికి చాలా సందర్భాల్లో బిడ్డకు జబ్బేమీ ఉండదు. వయసుకు తగినట్లు నిద్ర తీరు మారుతుంది, అంతే. ఆ మార్పు ఎప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో ఇంటిల్లిపాదికీ ముందే తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది.

2022లో గుంటూరు నుంచి విడిపోయి ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఈ విషయానికి మరో కోణం ఉంది. పత్తి తీతలు, మిరప కోతల కాలంలో కూలికి వెళ్లే తల్లులు పొద్దున్నే ఆటో ఎక్కితే తిరిగి ఇల్లు చేరేది సాయంత్రానికే. పగలంతా బిడ్డ నాయనమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో ఉంటుంది. కాబట్టి పగటి నిద్రలో వచ్చే మార్పులు తల్లి ఒక్కరికి తెలిస్తే చాలదు. బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరికీ తెలియాలి.

రోజు మొత్తం లెక్క చూడాలి

బిడ్డ మధ్యాహ్నం ఎంతసేపు పడుకుందన్నది ఒక్కటే చూస్తే తప్పుడు అంచనాకు రావడం ఖాయం. రాత్రి నిద్ర, పగటి కునుకులు కలిపి 24 గంటల్లో మొత్తం ఎంత అన్నదే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం మూడు నెలల లోపు పిల్లలకు రోజుకు 14 నుంచి 17 గంటలు, 4 నుంచి 11 నెలల వారికి 12 నుంచి 16 గంటలు, ఏడాది నుంచి రెండేళ్ల వారికి 11 నుంచి 14 గంటల నిద్ర అవసరం. పగటి కునుకులన్నీ ఇందులోనే కలిసి ఉంటాయి.

ఈ అంకెల మధ్య ఉన్న తేడాను గమనించాలి. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకరు 12 గంటలు, మరొకరు 15 గంటలు పడుకోవచ్చు. ఇద్దరూ ఆరోగ్యవంతులే. మెలకువగా ఉన్నప్పుడు చురుగ్గా ఉండి, పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతున్న బిడ్డ విషయంలో గంటో అరగంటో తగ్గిందని దిగులు పడనక్కరలేదు.

మార్పు ఎందుకు వస్తుంది?

అప్పుడే పుట్టిన బిడ్డకు పగలు, రాత్రి తేడా తెలియదు. రెండు మూడు గంటలకోసారి ఆకలికి లేస్తుంది, తాగి మళ్లీ పడుకుంటుంది. రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య శరీరంలో పగలు, రాత్రిని గుర్తించే గడియారం కుదురుకుంటుంది. క్రమంగా నిద్రలో ఎక్కువ భాగం రాత్రికి జరుగుతుంది. పగటి నిద్ర తగ్గడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం నిద్ర స్వభావంలో ఉంది. పెద్దల నిద్ర సుమారు గంటన్నర ఆవృత్తాలుగా సాగితే, పసిపిల్లల్లో ఒక్కో ఆవృత్తం గంట లోపే ముగుస్తుంది. ఒకటి ముగిసి మరొకటి మొదలయ్యే సమయంలో నిద్ర పలచబడుతుంది. నాలుగో నెల ప్రాంతంలో బిడ్డ నిద్ర పెద్దల నిద్రకు దగ్గరగా మారుతుంది. అప్పుడు ఈ పలచబడే ఘడియలో పూర్తిగా మేలుకోవడం ఎక్కువవుతుంది. ముప్పై, నలభై నిమిషాలకే బిడ్డ లేచి కూర్చోబెట్టమన్నట్లు ఏడవడానికి అసలు సంగతి ఇది. ఐదారు నెలలు వచ్చేసరికి చాలామంది పిల్లలు ఒక ఆవృత్తం నుంచి మరొక దానికి వాళ్లంతట వాళ్లే జారుకోవడం నేర్చుకుంటారు. కునుకు నిడివి దానంతట అదే పెరుగుతుంది.

పుట్టింటి నుంచి రాగానే మొదలయ్యే బెంగ

మొదటి కాన్పు పుట్టింట్లో జరిగి, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి రావడం మన ఆనవాయితీ. సరిగ్గా నిద్ర తీరు మారే సమయం కూడా అదే. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త చప్పుళ్లు తోడవుతాయి. ‘అక్కడ చక్కగా పడుకునేది, ఇక్కడికి వచ్చాకే ఇలా అయింది’ అన్న మాట ఇందుకే పుడుతుంది. తప్పు ఏ ఇంటిదీ కాదు. పుట్టింట్లోనే ఉన్నా ఆ వయసులో ఈ మార్పు వచ్చేదే.

ప్రయాణం తరువాత వారం పది రోజులు బిడ్డకు అలవాటైన పక్కగుడ్డ, అలవాటైన జోలపాట, పడుకోబెట్టే పద్ధతి మార్చకుండా ఉంటే మేలు. చూడవచ్చిన బంధువులు నిద్రపోతున్న బిడ్డను లేపి ఎత్తుకోకుండా పెద్దలు మెల్లగా చెప్పాలి.

నాలుగు మూడై, మూడు రెండై...

పగటి కునుకుల సంఖ్య సాధారణంగా ఈ క్రమంలో తగ్గుతుంది.

మూడు నుంచి ఐదు నెలలు: రోజుకు మూడు, నాలుగు కునుకులు. నిడివి ఏ రోజుకారోజు మారుతుంది. బోర్లా పడడం నేర్చుకునే వయసు కూడా ఇదే. బోర్లా పడినందుకు ఇంట్లో బొబ్బట్లు పంచుతారు గానీ, బిడ్డ మాత్రం ఆ కొత్త విద్యను పక్క మీద కూడా సాధన చేస్తూ నిద్ర పాడుచేసుకుంటుంది. మెలకువగా ఉన్నప్పుడు పెద్దల కళ్లెదుట చాప మీద బోర్లా ఆడుకోనిస్తే ఆ తహతహ కొంత తీరుతుంది.

ఆరు నుంచి తొమ్మిది నెలలు: సాయంత్రం కునుకు పోయి, ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి మిగులుతాయి. అన్నప్రాశన జరిగి మెత్తని ఆహారం మొదలయ్యేది, దంతాలు వచ్చేది, పాకేది ఈ రోజుల్లోనే. ఎనిమిది, తొమ్మిది నెలలకు తల్లి కనిపించకపోతే ఏడ్చే బెంగ కూడా తోడవుతుంది. నిద్ర వస్తున్నా తల్లిని వదలని బిడ్డను మొండి అనుకోరాదు.

ఏడాది నుంచి ఏడాదిన్నర: ఉదయం కునుకు పోయి మధ్యాహ్నం ఒక్కటే నిలుస్తుంది. పన్నెండో నెలలో రెండు మూడు రోజులు ఒక కునుకు మానేసినంత మాత్రాన అది శాశ్వతంగా పోయినట్లు కాదు. రెండు వారాల పాటు అదే తీరు కొనసాగితేనే మార్పు వచ్చిందని భావించవచ్చు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఈ వయసులను పుట్టిన తేదీ నుంచి కాక, వైద్యులు చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కించాలి.

మార్పు జరిగే రోజుల్లో రెండు నుంచి నాలుగు వారాల పాటు బిడ్డ సాయంత్రానికి చిరాకు పడుతుంది. అటువంటప్పుడు పోయిన కునుకును బలవంతంగా తెప్పించడానికి గంటల తరబడి జోకొట్టనవసరం లేదు. రాత్రి పడుకునే వేళను అరగంట, గంట ముందుకు జరిపితే సరిపోతుంది. సాయంత్రం ఆరు దాటాక పడుకున్న బిడ్డ రాత్రి ఆలస్యంగా పడుకుంటుంది కాబట్టి చివరి కునుకు ఐదు గంటల ప్రాంతంలో ముగిసేలా చూడాలి.

గడియారం కంటే బిడ్డే గుర్తు

నిద్ర వేళ తెలుసుకోవడానికి బిడ్డ ఎంతసేపటి నుంచి మేలుకుని ఉందో గమనించడం సులువైన పద్ధతి. నెల లోపు బిడ్డ గంట సేపు మేలుకుంటేనే అలసిపోతుంది. రెండు, మూడు నెలల్లో గంట నుంచి గంటన్నర, నాలుగైదు నెలల్లో గంటన్నర నుంచి రెండు గంటల పైచిలుకు, ఆరు నుంచి ఎనిమిది నెలల్లో రెండు నుంచి మూడు గంటలు, ఏడాది దగ్గర పడేసరికి మూడు నుంచి నాలుగు గంటలు మేలుకుని ఉండగలదు. ఇవి ఉజ్జాయింపు లెక్కలే.

ఆ సమయం దగ్గర పడుతుండగా బిడ్డ కళ్లు నులుముకోవడం, చెవి లాక్కోవడం, ఆవలించడం, ఆటవస్తువు చూపినా ముఖం తిప్పుకోవడం చేస్తుంది. అప్పుడే పడుకోబెట్టాలి. ఏడుపు మొదలయ్యాక పడుకోబెడితే అలసట ఎక్కువై నిద్ర పట్టదు, పట్టినా తొందరగా లేస్తుంది. బాగా అలిసిపోతే ఎక్కువసేపు పడుకుంటుందనే నమ్మకం పసిపిల్లల విషయంలో పనిచేయదు.

ప్రతి కునుకుకూ ముందు ఒకే వరుస పాటించడం అలవాటుకు పునాది. తడిసిన గుడ్డ మార్చడం, పాలు పట్టడం, వెలుతురు తగ్గించడం, ఒక జోలపాట. పది నిమిషాలు చాలు. మగతగా ఉండి పూర్తిగా నిద్రపోకముందే పక్క మీదకు దించడాన్ని రోజుకు ఒక కునుకుతో మొదలుపెట్టి ప్రయత్నించవచ్చు. ఉదయం లేవగానే బిడ్డను వెలుతురులోకి తీసుకురావడం, రాత్రి దీపాలు తగ్గించి మాటలు తగ్గించడం వల్ల పగలు, రాత్రి తేడా త్వరగా తెలుస్తుంది.

పాలు చాలడం లేదా?

కునుకు తగ్గగానే మొదట నింద పడేది తల్లిపాల మీద. ఇక్కడే అసలు నష్టం జరుగుతుంది. అనుమానంతో డబ్బాపాలు పడితే బిడ్డ రొమ్ము పట్టడం తగ్గిస్తుంది. బిడ్డ తాగడం తగ్గితే తల్లికి పాలు నిజంగానే తగ్గుతాయి. చిన్న కునుకుతో మొదలైన అనుమానం చివరకు తల్లిపాలే మానిపించే దాకా వెళుతుంది. నీరు కలిపే డబ్బాపాలతో విరేచనాల ముప్పు, నెలనెలా ఖర్చు అదనం.

పాలు చాలుతున్నదీ లేనిదీ నిద్రను బట్టి తేల్చరాదు. రోజుకు ఆరు సార్లు, అంతకు మించి మూత్రం పోస్తూ, నెలనెలా బరువు పెరుగుతున్న బిడ్డకు పాలు చాలుతున్నట్లే. అంగన్‌వాడీలో బరువు తూయించి ఎదుగుదల రేఖను చూస్తే ఇంట్లో వాదన తీరిపోతుంది. బరువు పెరగకపోతే వైద్యులను కలవాలి.

తల్లి పనికి వెళ్లే ఇళ్లలో

2017లో చట్టానికి చేసిన సవరణతో ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు వేతనంతో కూడిన ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. పొలం కూలికి వెళ్లే తల్లికి ఆ వెసులుబాటు లేదు. మూడు, నాలుగు నెలలకే పనికి వెళ్లక తప్పని వారు ఎందరో ఉన్నారు. సెలవు దొరికిన ఉద్యోగిని తిరిగి విధుల్లో చేరే ఆరో నెల కూడా సరిగ్గా కునుకులు మూడు నుంచి రెండుకు తగ్గే సమయమే.

ఇద్దరికీ పనికొచ్చే జాగ్రత్త ఒకటే. పనిలో చేరడానికి రెండు వారాల ముందు నుంచే రోజుకు ఒక కునుకు నాయనమ్మో, తండ్రో వేయించాలి. తల్లి రొమ్ము నోట్లో ఉంటేనే పడుకునే బిడ్డ ఒక్కసారిగా మరొకరి దగ్గర పడుకోదు. పిండిన తల్లిపాలను మూత ఉన్న శుభ్రమైన గిన్నెలో ఉంచి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. మామూలు రోజుల్లో గది వేడికి నాలుగు గంటల లోపు, ఎండాకాలంలో అంతకు ముందే వాడేయాలి. ఫ్రిజ్‌లో ఉంచితే 24 గంటల లోపు వాడడం మంచిది. సాయంత్రం తల్లి రాగానే ఆ పగలు బిడ్డ ఎప్పుడు లేచిందో, చివరగా ఎప్పుడు పడుకుందో చెప్పే అలవాటు ఉంటే రాత్రి నిద్ర వేళను నిర్ణయించుకోవడం తేలిక.

ఎండలు ముదిరితే

రాష్ట్రంలో అధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు కునుకు చెడడానికి వయసుతో పాటు వేడి కూడా కారణమవుతుంది. పలుచని నూలు బట్ట ఒకటి చాలు. తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు అక్కరలేదు. ఫ్యాను, కూలరు వాడవచ్చు గానీ గాలి నేరుగా ముఖానికి కొట్టకూడదు. మెడ వెనుక చేయి పెట్టి చూస్తే బిడ్డకు వేడిగా ఉందో లేదో తెలుస్తుంది. ఆరు నెలల లోపు బిడ్డకు ఎంత ఎండలోనైనా నీళ్లు పట్టనక్కరలేదు. తల్లిపాలు మరింత తరచుగా ఇస్తే సరిపోతుంది. వేసవిలో ఉదయం కునుకు పొడవుగా, మధ్యాహ్నం కునుకు పొట్టిగా మారినా అలాగే సాగనివ్వవచ్చు.

పడుకోబెట్టే చోటు భద్రమేనా?

పగటి కునుకు కదా అని జాగ్రత్త సడలించకూడదు. ఏ కునుకైనా బిడ్డను వెల్లకిలా, గట్టిగా సమంగా ఉన్న పక్క మీద పడుకోబెట్టాలి. ఆవాల దిండుతో సహా ఏ దిండూ ఏడాది లోపు పిల్లలకు అవసరం లేదు. ముఖం మీద చీర చెంగు, దుప్పటి కప్పకూడదు. దోమల కోసం గొడుగు దోమతెర వాడవచ్చు. మెడలో తాయెత్తు, నల్లదారం, గొలుసు ఉంటే నిద్రలో బిగుసుకునే ప్రమాదం ఉంది, తీసేయాలి.

చీర ఉయ్యాలలో బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరికి అడ్డం రావచ్చు. నిద్ర పట్టాక సమమైన పక్క మీదకు మార్చడమే క్షేమం. ఉయ్యాలలో ఉన్నంతసేపూ ముఖం కనిపిస్తుండాలి, పక్కన పెద్దలు ఉండాలి. పొలం గట్టున చెట్టుకు కట్టిన ఉయ్యాలకూ ఇదే వర్తిస్తుంది. పురుగుమందు పిచికారీ జరిగే చేను దరిదాపుల్లో బిడ్డను ఉంచనే కూడదు. బోర్లా పడే ప్రయత్నం మొదలుపెట్టిన బిడ్డను గుడ్డలో బిగించి చుట్టడం మానాలి.

సీసా మందుతో నిద్ర వద్దు

కొన్ని జలుబు మందులు మగత తెస్తాయి. అది చూసి బిడ్డ పడుకోవడానికి అదే మందును మళ్లీ మళ్లీ పట్టే ఇళ్లు ఉన్నాయి. ఇది ప్రాణాంతకం కాగలదు. మోతాదు మించితే పసిపిల్లల్లో ఊపిరి మందగిస్తుంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసాలపై ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ తయారీదారులను ఆదేశించింది. నిద్ర కోసం గ్రైప్ వాటర్, వస, తేనె నాకించడం కూడా తగదు. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు. ఏడాది నిండేవరకు తేనె ఇవ్వరాదు.

ఈ లక్షణాలు ఉంటే ఆలస్యం చేయరాదు

నిద్ర తగ్గడం కంటే ఉన్నట్టుండి అతిగా పెరగడమే ఎక్కువ ప్రమాద సూచన. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాల తరువాత ఒకటి రెండు రోజులు బిడ్డ మామూలు కంటే ఎక్కువ పడుకోవడం, చిరాకు పడడం సహజం. కింది లక్షణాలు కనిపిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాహనం లేకపోతే 108కు ఫోన్ చేయాలి.

* పాలకు లేపినా లేవకపోవడం, రొమ్ము పట్టకపోవడం, మగతగా వేలాడిపోవడం
* మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకు మించి జ్వరం
* డొక్కలు ఎగరవేయడం, మూలగడం. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60, అంతకు మించి, రెండు నుంచి 12 నెలల బిడ్డ 50, అంతకు మించి ఊపిరి తీయడం
* ఫిట్స్ రావడం, మాడు ఉబ్బడం లేదా లోపలికి పోవడం
* మూత్రం బాగా తగ్గిపోవడం
* పుట్టిన కొత్తలో అరచేతులు, అరికాళ్లు పచ్చబడడం
* నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం

తల్లికీ నిద్ర కావాలి

కునుకులు తగ్గిన కొద్దీ తల్లికి దొరికే విశ్రాంతి కూడా తగ్గుతుంది. బిడ్డ పడుకున్న ఆ అరగంటలో అంట్లు, బట్టలు ముగించాలని తల్లి పరుగులు పెడితే ఆమె ఎప్పటికీ తేరుకోదు. రోజుకు కనీసం ఒక కునుకు సమయాన్ని ఆమెకు వదిలేసి ఇంటి పని మిగిలిన వారు పంచుకోవాలి. కునుకు తీసిన బిడ్డను ఎత్తుకుని వీధిలో తిప్పడం తండ్రికి, తాతయ్యకు చేతకాని పనేమీ కాదు.

కాన్పయిన తరువాత రెండు వారాలకు మించి దిగులు, ఊరికే ఏడుపు రావడం, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోవడం కొనసాగితే దాన్ని బాలింత నీరసంగా కొట్టిపారేయరాదు. వైద్య సహాయం అవసరం. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తను అడగాలి

ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 42 రోజుల లోపు ఆరు సార్లు ఇంటికి రావాలి. 2018లో కేంద్రం ప్రవేశపెట్టిన గృహ ఆధారిత శిశు సంరక్షణ కార్యక్రమం ప్రకారం ఆ తరువాత మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలల్లో కూడా రావాలి. కునుకులు మారే వయసులు దాదాపు ఇవే. అంతకు ముందు మూడు రోజుల పాటు బిడ్డ పడుకున్న వేళ, లేచిన వేళ, పాలు తాగిన వేళ గోడ క్యాలెండరు మీద రాసి ఉంచితే ఆమెకు చూపించవచ్చు. మొత్తం కూడితే నిద్ర తగ్గిందా, వేళ మాత్రమే మారిందా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. అనుమానం మిగిలితే అదే కాగితంతో పిల్లల వైద్యులను కలవాలి.